బల్ల కింద మళ్లీ ఒక కుక్కపిల్ల

ఇంట్లో మనిషి పోతే ఊరు కదిలి వస్తుంది. పాటలు పాడతారు, పాస్టరుగారు వాక్యం చెబుతారు, కొన్నాళ్లకు జ్ఞాపకార్థ కూడిక పెడతారు. దుఃఖంలో ఉన్నవారి పక్కన సంఘమంతా కూర్చుంటుంది. అదే పెంచుకున్న కుక్క పోతే? పాత సంచిలో చుట్టి, పొలం గట్టు పక్కన గుంత తీసి పూడ్చి, కాళ్లు చేతులు కడుక్కొని ఇంట్లోకి వస్తారు. ఆ రాత్రి ముద్ద దిగదు. తెల్లవారి గేటు తీస్తే ఎదురొచ్చే తోక కనబడదు. అయినా ఆ బాధ ఎవరికీ చెప్పుకోరు. 'కుక్క కోసం ఏడుస్తావా' అని నవ్వుతారేమోనని సంకోచం. ప్రార్థన విన్నపాల చీటీలో కూడా దాని మాట రాయరు.

అయినా ఆ దుఃఖం నిజమైనదే. దాని వెంట మూడు ప్రశ్నలు వస్తాయి. మూగజీవం కోసం ఒక విశ్వాసి దుఃఖించవచ్చా? పోయినవాటి స్థానంలో మరొకదాన్ని తెచ్చుకుంటే అది మరిచిపోవడం కాదా? తెచ్చుకుంటే దాన్ని ఎలా చూసుకోవాలి? పశువులతో, పొలాలతో ముడిపడిన మర్కూక్ లాంటి పల్లెల్లో ఇవి చిన్న ప్రశ్నలు కావు. వీటిని వాక్యపు వెలుగులో ఆలోచిద్దాం.

మా సంఘానికి వచ్చే ఒక వృద్ధ దంపతుల ఇంట్లో రెండు కుక్కలుండేవి. పిల్లలు హైదరాబాద్‌లో స్థిరపడ్డాక ఆ ఇంటికి అవే సందడి. పెద్దది టైగర్, పదమూడేళ్లు బతికి ఒక ఎండాకాలం వాకిట్లోనే కన్ను మూసింది. రెండోది చింటు. రాత్రి కరెంటు వచ్చే వేళకు మోటారు వేయడానికి ఆ పెద్దాయన పొలానికి పోతే చింటు ఎప్పుడూ రెండు అడుగులు ముందు నడిచేది. టైగర్ పోయిన రెండు నెలలు తిరగకముందే ఒక రాత్రి గట్టు మీద దాన్ని పాము కరిచింది. "నా కాలికి పడాల్సిన కాటు దానికి పడ్డది అయ్యగారూ" అంటూ ఆయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. సెలవులకు వచ్చిన మనవడు కొత్త కుక్కపిల్లను తెద్దామంటే ఆమె ఒప్పుకోలేదు. "ఇగ వద్దు అయ్యగారూ. ఇంకోదాన్ని తెస్తే ఈ రెంటికీ ద్రోహం చేసినట్టయితది" అంది.

ద్రోహం! ఎంత పెద్ద మాట. తేలిగ్గా తీసిపారేయదగిన మాట కాదు. ప్రేమించినవారే ఆ మాట అనగలరు.

బైబిలులో కుక్క

ముందుగా ఒక నిజం ఒప్పుకోవాలి. బైబిలులో కుక్కకు మంచి పేరు లేదు. దావీదు ఎదుట మెఫీబోషెతు తనను తాను చచ్చిన కుక్కతో పోల్చుకుంటాడు. పౌలు దుర్బోధకులను కుక్కలంటాడు. ప్రకటన గ్రంథం చివరి అధ్యాయంలో పరిశుద్ధ పట్టణం వెలుపల ఉండేవారి జాబితాలో మొదటి మాట కుక్కలే. ఆనాటి పట్టణాల్లో అవి గోడల వెంట గుంపులుగా తిరిగి చెత్తను, కళేబరాలను తినేవి. యెజెబెలు కథ చదివినవారికి ఇది గుర్తుంటుంది. కాబట్టి ఆ మాట తిట్టుగా మారింది.

అయితే లేఖనం అక్కడితో ఆగలేదు. తూరు, సీదోను ప్రాంతాల్లో ఒక అన్యురాలు తన కుమార్తె కోసం యేసుప్రభువును వేడుకున్న సంఘటన మత్తయి 15లో, మార్కు 7లో ఉంది. అక్కడ వాడిన గ్రీకు మాట వీధికుక్కకు వాడే మామూలు మాట కాదు. అది 'కునారియోన్', అంటే చిన్న కుక్క, కుక్కపిల్ల. మన తెలుగు బైబిలు కూడా దాన్ని కుక్కపిల్లలనే అనువదించింది. ఆ తల్లి ఆ మాటనే పట్టుకుంది. బల్ల మీది నుంచి రాలే ముక్కలు కుక్కపిల్లలకు దక్కుతాయి కదా అని జవాబిచ్చింది. వీధికుక్కకు బల్ల కింద చోటుండదు. పిల్లలున్న ఇంట్లో, పిల్లల చేతి నుంచి జారే రొట్టె ముక్క కోసం ఎదురుచూసే పెంపుడు కుక్కపిల్లకే ఆ చోటు ఉంటుంది. ఆ దృశ్యం చెప్పగానే ఆమె విశ్వాసం ప్రభువు మెప్పు పొందింది. సువార్తలో కుక్కపిల్ల కనబడే చోటు అదే, అది ఒక ఇంటి భోజనపు బల్ల కింద!

విశ్వాసం అనే మాట దగ్గర ఇంకొంచెం ఆగుదాం. మన భాషలో కుక్కను విశ్వాసం గల జంతువంటారు. సంఘంలో మనల్ని మనం విశ్వాసులమనుకుంటాం. రెండింటికీ ఒకటే మాట. ఇది యాదృచ్ఛికం అనిపించవచ్చు గాని, కొత్త నిబంధనలోని 'పిస్టిస్' అనే గ్రీకు మాటకు కూడా నమ్మిక అనే అర్థం, నమ్మకంగా నిలబడడం అనే అర్థం రెండూ ఉన్నాయి. హెబ్రీలో కుక్కను 'కెలెబ్' అంటారు. యెహోవాను పూర్ణమనస్సుతో వెంబడించిన కాలేబు పేరుకు ఆ మాటతో బంధం ఉందని చెప్పే పండితులున్నారు. వేరే అర్థం చెప్పేవారూ ఉన్నారు. ఏదేమైనా ఆదివారం ఉదయం మాత్రమే విశ్వాసులుగా ఉండేవారికి, ఏడు రోజులూ గుమ్మం వదలని ఆ మూగజీవం ఒక పాఠం చెబుతూనే ఉంటుంది.

దుఃఖించవచ్చా?

దుఃఖించవచ్చు. ఎందుకో చూడండి. దావీదు పాపాన్ని బయటపెట్టడానికి నాతాను ప్రవక్త ఒక కథ చెప్పాడు. ఒక పేదవాడికి ఒకే ఒక గొర్రెపిల్ల. అది అతని చేతి ముద్ద తిని, అతని గిన్నెలోనిది తాగి, అతని కౌగిట పడుకుని, అతనికి కూతురిలా ఉండేది. ఇది 2 సమూయేలు 12లో ఉంది. ఆ గొర్రెపిల్లను పోగొట్టుకున్న పేదవాడిని చూసి నవ్వమని ప్రవక్త చెప్పలేదు. ఆ కథ విని రాజు కోపంతో మండిపోయాడు. అంటే ఒక జీవి మీద మనిషి పెట్టుకున్న మమకారం ఎంత నిజమో దావీదుకు కూడా తెలుసు.

జలప్రళయం తరువాత దేవుడు చేసిన నిబంధన నోవహుతో, అతని సంతానంతో మాత్రమే కాదు, ఓడలోనుంచి బయటికి వచ్చిన ప్రతి జీవితోనూ చేశాడని ఆదికాండము 9 చెబుతుంది. యోనా గ్రంథం ముగిసేది కూడా పశువుల మాటతోనే. నీనెవెలో ఉన్న లక్షా ఇరవై వేలమందికి పైగా మనుష్యులతోపాటు అక్కడి పశువులను కూడా దేవుడు లెక్కలో వేశాడు. పిచ్చుక నేల రాలినా తండ్రికి తెలుసని ప్రభువే చెప్పాడు. పిచ్చుకను లెక్కపెట్టిన దేవుడు మీ టైగర్‌ను, చింటును లెక్కపెట్టలేదా?

అయితే ఒక హద్దు ఉంది. దేవుని స్వరూపంలో సృష్టింపబడినవాడు మనిషి. కుక్కను బిడ్డలా చూసుకోవచ్చు గాని బిడ్డ స్థానం ఇవ్వకూడదు. చింటు తన యజమానికి ముందు నడిచి కాటు తిన్నది. అది ఆ మూగజీవి ప్రేమ. దాన్ని సిలువతో పోల్చనక్కరలేదు, చులకన చేయనూ అక్కరలేదు. ప్రేమలో కూడా ఒక క్రమం ఉంటుంది. క్రమం తప్పని ప్రేమలో కుక్కకూ చోటుంది, దాని కోసం కన్నీళ్లకూ చోటుంది.

ఆ కన్నీళ్లకు చోటివ్వకపోతే ఏమవుతుందో మన రాష్ట్రంలోనే చూశాం. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలం పొన్నకల్ గ్రామంలో రాత్రివేళ కారులో వచ్చినవారు తుపాకీతో 20 వీధికుక్కలను కాల్చి చంపారు. తరువాత ముగ్గురిని అరెస్టు చేసిన పోలీసులు చెప్పిన కారణం వింటే మనసు కలుక్కుమంటుంది. నిందితుల్లో ఒకరి పెంపుడు కుక్కను అంతకుముందు ఆ ఊరి వీధికుక్కలు చంపాయట. ఆ పగతోనే ఇంత జరిగిందట. ఒక కుక్క మీది ప్రేమే 20 కుక్కల చావుగా మారింది. దుఃఖాన్ని దేవుని సన్నిధిలో కుమ్మరించకపోతే అది లోపలే పులిసి పగగా మారుతుంది. పగగా మారనిచోట గుండెకు తాళం వేసుకుంటుంది. 'ఇక దేన్నీ ప్రేమించను' అనడం ఆ తాళం చప్పుడే.

మళ్లీ తెచ్చుకుంటే మరిచిపోయినట్టా?

యోబు గ్రంథం చివరి అధ్యాయంలో ఒక లెక్క ఉంది. యోబుకు మొదట 7 వేల గొర్రెలు, 3 వేల ఒంటెలు, 500 జతల ఎడ్లు, 500 గాడిదలు. అన్నీ పోయాయి. దేవుడు తిరిగి ఇచ్చినప్పుడు 14 వేల గొర్రెలు, 6 వేల ఒంటెలు, 1000 జతల ఎడ్లు, 1000 గాడిదలు. అంతా రెండింతలు. కాని పిల్లలు? మొదట 7గురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. తరువాత కూడా అంతే. రెండింతలు కాలేదు. ఎందుకు? మొదటి పదిమంది దేవుని దృష్టిలో పోలేదు గనుక అని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. ప్రేమించిన ప్రాణాల లెక్క వేరు. కొత్తవారు వచ్చినా పాతవారి స్థానం ఖాళీ కాదు, చెరిగిపోదు.

అంతకన్నా ముందే హవ్వ ఈ సంగతి మనకు నేర్పింది. హేబెలు చనిపోయాక ఆమెకు ఇంకో కొడుకు పుట్టాడు. వాడికి షేతు అని పేరు పెట్టింది. హేబెలుకు ప్రతిగా దేవుడు తనకు ఈ సంతానాన్ని నియమించాడంది. గమనించండి. కొత్తగా పుట్టినవాడిని చేతిలోకి తీసుకున్న ఆ క్షణంలోనే చనిపోయినవాడి పేరు ఆమె నోట వచ్చింది. షేతు వచ్చాడని హేబెలును మరిచిపోలేదు. అలాగని షేతుకు హేబెలు అని పేరు పెట్టనూ లేదు. పాతవాడి పేరు పాతవాడిదే, కొత్తవాడికి కొత్త పేరు. జ్ఞాపకం, స్వాగతం రెండూ ఒకే ఒడిలో ఉన్నాయి.

సౌలు విషయంలో సమూయేలుకు కూడా దేవుడు ఇలాంటి మాటే చెప్పాడు. ఇంకెంతకాలం దుఃఖిస్తావని అడిగి, కొమ్మును నూనెతో నింపుకొని బెత్లెహేముకు వెళ్లమన్నాడు. దుఃఖానికి కాలం ఉంది, లేచి నడవడానికీ కాలం ఉంది. ఆ కాలం అందరికీ ఒకటి కాదు. ఒకరికి పది రోజులు, ఒకరికి రెండేళ్లు. మన ప్రాంతంలో ఇలా లేచి నడిచినవారిని వేలమందిని చూశాం. 15 టీఎంసీల కొండపోచమ్మసాగర్ 2020 మే 29న ప్రారంభమైంది. దాని కోసం బైలంపూర్, మామిడ్యాల, తానేదార్‌పల్లి గ్రామాలవారు ఇల్లు, పొలం, చెట్టు, సమాధులు వదిలి కొత్త కాలనీలకు వెళ్లారు. కొత్త ఇంట్లో పొయ్యి వెలిగించడం పాత ఊరికి ద్రోహం చేయడమా? కానే కాదు. నీటి కింద ఉన్న ఊరి మాట చెప్పుకుంటూనే కొత్త వాకిట్లో చెట్టు నాటుకుంటారు. మనుషులు బతికేది అలాగే.

పరలోకంలో ఉంటాయా?

పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. పెద్దలు అడగరు గాని, సమాధానం కోసం చెవి ఒగ్గి వింటారు. లేఖనం ఈ విషయం సూటిగా చెప్పలేదు. పశువుల ప్రాణం ఎక్కడికి పోతుందో ఎవరికి తెలుసని ప్రసంగి అడిగాడు. కాని సృష్టి అంతా మూల్గుతూ విడుదల కోసం ఎదురుచూస్తోందని రోమా 8లో పౌలు రాశాడు. ఆ వాక్యభాగం మీదనే జాన్ వెస్లీ 1781లో ఒక ప్రసంగం రాశాడు. మూగజీవులు ఇప్పుడు పడుతున్న బాధలకు దేవుడు ప్రతిఫలం ఇస్తాడని, వాటిని బాధ లేని మంచి స్థితికి పునరుద్ధరిస్తాడని అందులో తన ఆశ వెలిబుచ్చాడు. ఆ వెస్లీ అడుగుజాడల్లో నడిచిన మిషనరీలే మన ప్రాంతానికి సువార్త తెచ్చారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదక్ చర్చిని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ వెస్లియన్ మెథడిస్టు మిషనరీ. 2016లో జిల్లాలు విడిపోయే వరకు మర్కూక్ ప్రాంతం కూడా మెదక్ జిల్లాలోనే ఉండేది. కాబట్టి మూగజీవుల గురించి ఆశపడడం మన సంఘాలకు పరాయి బోధ కాదు, మన పెద్దల ఆలోచనే. దాన్ని సిద్ధాంతం చేయనక్కరలేదు. సృష్టించినవాడి చేతిలో వదిలిపెడితే చాలు. ఆ చేయి నమ్మదగినది.

తెచ్చుకుంటే ఎలా?

నీతిమంతుడు తన పశువుల ప్రాణం పట్ల శ్రద్ధ చూపుతాడని సామెతల గ్రంథం 12 చెబుతుంది. కుక్కపిల్లను చూసి ముద్దు చేయడం వేరు, శ్రద్ధ వేరు. శ్రద్ధకు ఖర్చుంది, ఓపిక కావాలి.

కుక్క ఆయుస్సు సుమారు పది నుంచి పదమూడేళ్లు. కాబట్టి కుక్కపిల్లను తేవడమంటే అన్నేళ్లకు మాట ఇవ్వడం. అరవై దాటినవారు తెచ్చుకుంటే, మన తరువాత దీన్ని ఎవరు చూస్తారని కొడుకునో కూతురినో ముందే అడగాలి. ఇంట్లో ఒకరు ఇంకా దుఃఖంలో ఉంటే వారికి చెప్పకుండా తెచ్చి చేతిలో పెట్టవద్దు. వారి మనసు సిద్ధపడే వరకు ఆగాలి.

ఎనిమిది వారాలు నిండకముందు పిల్లను తల్లి నుంచి వేరు చేయవద్దు. జాతికుక్కే కావాలనేమీ లేదు. మన ఎండలకు, మన తిండికి నాటు కుక్క చక్కగా సరిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, ఆపై మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాల వయసు వరకు టీకాలు వేయించాలి. మూడు నెలలకు రేబిస్ టీకా, తరువాత డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ. నులిపురుగుల మందు కూడా పశువైద్యుణ్ని అడిగి వేయాలి. ఇంతకుముందు ఇంట్లో కుక్క పార్వో వ్యాధితో పోయి ఉంటే ఇంకా జాగ్రత్త. ఆ వైరస్ నేలలో, గిన్నెల్లో నెలల తరబడి ఉంటుంది. పాత పరుపు, పాత గిన్నె కొత్తపిల్లకు ఇవ్వవద్దు. బ్లీచింగ్‌తో కడిగి, టీకాలు పూర్తయ్యాకే తేవడం మంచిది.

తిండి విషయంలో మన ప్రేమే దానికి విషం కావచ్చు. క్రిస్మస్ కేకులోని ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు హాని చేస్తాయి. ఉడికిన కోడి ఎముకలు గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. బల్ల మీది నుంచి రాలే ముక్కలన్నీ మంచివి కావు!

పొరుగువారి మాట కూడా తలచుకోవాలి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాబు చనిపోయాడు. ఆ సంగతి విన్న ఏ తల్లికైనా కుక్కంటే భయం ఉండడం సహజం. మన ప్రేమ పక్కింటి బిడ్డకు భయం కాకూడదు. గేటు వేసుకోవాలి, బయటికి తీసుకెళితే తాడు పట్టుకోవాలి, సంతానం పెరగకుండా ఆపరేషన్ చేయించాలి. పెంచలేక రోడ్డు మీద వదిలేసిన పిల్లలే రేపటి వీధికుక్కలు. ఎవరినైనా కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ లక్షణాలు కనబడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. పసుపు, కారం పూసి కూర్చోవద్దు.

కొత్తపిల్లను పాతదానితో పోల్చవద్దు. 'టైగర్ అయితే ఇట్ల చేయకపోవు' అని రోజూ అంటుంటే ఆ మాట కుక్కకు అర్థం కాకపోవచ్చు గాని మన మనసే దాన్ని దగ్గరికి రానివ్వదు. అది చెప్పులు కొరుకుతుంది, రాత్రిళ్లు తల్లి కోసం ఏడుస్తుంది, వాకిలి పాడుచేస్తుంది. టైగర్ కూడా ఒకప్పుడు అన్నీ చేసిందే. పదమూడేళ్ల స్నేహాన్ని పది రోజుల పిల్ల నుంచి అడగడం న్యాయం కాదు.

ఆ వృద్ధ దంపతుల ఇంటికి చివరికి ఒక కుక్కపిల్ల వచ్చింది. రోడ్డు పక్కన ఎవరో వదిలేసి పోయిన పిల్లల్లో అదొకటి. వద్దు వద్దంటూనే ఆ అమ్మ దానికి పాలు కలిపిన అన్నం పెట్టింది. మనవడు దానికి టైగర్ అని పేరు పెడదామన్నాడు. "టైగర్ పేరు టైగర్‌దే. దీనికి దీని పేరు పెట్టురా" అంది ఆమె. హవ్వ మాటనే ఆమె తన మాటలో చెప్పింది. ద్రోహం అనే మాట మళ్లీ ఆమె నోట రాలేదు.

ప్రియమైన చదువరీ, మీ ఇంట్లో గొలుసు ఇంకా కొక్కేనికి వేలాడుతూ ఉందా? గిన్నె మూలన బోర్లించి ఉందా? తొందరపడనక్కరలేదు. దాన్ని చూసి ఏడ్చినా సిగ్గుపడనక్కరలేదు. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో దాని పేరు పలకండి. ఇన్నేళ్లు దాన్ని మీకిచ్చినందుకు దేవునికి కృతజ్ఞత చెప్పండి. సృష్టిలో ప్రతి జీవి ఆయనదే. మనకు ఇచ్చింది అప్పగింత మాత్రమే. అప్పగించినదాన్ని నమ్మకంగా చూసుకొని తిరిగి అప్పగించినవారు మళ్లీ ఒకదాన్ని అందుకోవడానికి చేయి చాచవచ్చు. ఆ చేయి చాచడం మరుపు కాదు, ప్రేమ ఇంకా మనలో చచ్చిపోలేదనడానికి గుర్తు. ఎంత చిన్న ప్రాణానికైనా తన బల్ల కింద చోటిచ్చే ప్రభువు మీ ఇంటిని, మీ ఇంట్లోని సమస్త జీవులను దీవించును గాక. ఆమేన్.